ఎర్రచందనం మొక్కలు అమ్మిన నర్సరీ: రెండు వేసవులు గడిచాక నా సమీక్ష

రెండేళ్ల కిందట తొలకరి పడగానే, కడియం ప్రాంతంలోని ఒక నర్సరీ నుంచి పీలేరు దగ్గరి మా మెట్టచేనుకు 101 మొక్కలు తెప్పించుకున్నాను. వాటిలో 60 ఎర్రచందనం, 20 సిరిగంధం, 15 వేగిస, 6 సీతాశోకం. అంతర్జాతీయ ప్రకృతి పరిరక్షణ సంఘం, అంటే ఐయూసీఎన్, నిర్వహించే రెడ్ లిస్టులో ఈ నాలుగు చెట్లూ ఏదో ఒక హెచ్చరిక స్థాయిలో నమోదై ఉన్నాయి. చెట్ల సమీక్షను మొక్కలు దిగిన రోజున రాయడంలో అర్థం లేదు కనుక, రెండు వేసవులు గడిచి, బతికినవేవో పోయినవేవో తేలిన తరువాత ఇప్పుడు రాస్తున్నాను. నర్సరీ పేరు కావాలనే రాయడం లేదు. నేను చూసిన మంచిలోనూ లోపంలోనూ చాలా భాగం ఆ ఒక్క నర్సరీకే పరిమితమైనవి కావని, ఇలాంటి మొక్కలు అమ్మే మరికొన్ని చోట్ల విచారించినప్పుడు నాకు అర్థమైంది. ఒక్క మాటలో చెప్పాలంటే, మొక్క విషయంలో ఆ నర్సరీని నమ్మవచ్చు. మొక్కకు కట్టిన చీటీ విషయంలో మాత్రం నమ్మకూడదు.

మా చేను గట్టున నిలబడితే శేషాచలం కొండల వరుస కనిపిస్తుంది. ఎర్రచందనం ప్రపంచంలో సహజంగా పెరిగేది తూర్పు కనుమల దక్షిణ భాగంలో, ప్రధానంగా శేషాచలం, పాలకొండలు, లంకమల, వెలిగొండ కొండల్లోని రాతి నేలల్లోనే. అంత దగ్గరి చెట్టును గోదావరి తీరం నుంచి ఎందుకు తెప్పించావని మా ఊరివాళ్లు అడిగారు. నాకు కావలసిన నాలుగు జాతులూ మాకు చేరువలో ఒకేచోట దొరకకపోవడం ఒక కారణం. కడియం నర్సరీల్లో పనిచేసేవారికి తరతరాలుగా అబ్బిన చేతి నేర్పు మరో కారణం. ఆ నేర్పు విషయంలో నాకు నిరాశ కలగలేదు.

ఫోనులో మొక్కలు చెప్పేటప్పుడే యజమాని మీద మంచి అభిప్రాయం కలిగింది. సీతాశోకం అనే మాట నాకు తోచక, జాబితా చివర ఉత్త "అశోకం, ఆరు" అన్నాను. ఆయన వెంటనే ఆపి, "ఏ అశోకమండీ మాస్టారూ? గోడ పక్కన నిటారుగా పెరిగేదా, ఎర్రపూలు పూసే సీతాశోకమా? రెండింటికీ చుట్టరికం లేదండీ" అన్నారు. ఈ ప్రశ్న చిన్నదేమీ కాదు. మన ఊళ్లలో బడుల ముందు, ఆఫీసుల ప్రహరీల వెంట అశోకం అని పిలిచే చెట్టు నిజానికి నారమామిడి. అశోకారిష్టం అనే ఆయుర్వేద మందులో వాడే బెరడు మాత్రం సీతాశోకానిది. ఈ రెండు బెరళ్లనూ కలిపేసి అమ్మడం మందుమొక్కల వ్యాపారంలో చాలాకాలంగా ఉన్న మోసం. బెరడు కోసం కొట్టివేతకు గురై సీతాశోకం అడవుల్లో తగ్గిపోయింది. రెడ్ లిస్టు దానిని వల్నరబుల్, అంటే ముప్పు పొంచి ఉన్న జాతిగా 1998లోనే నమోదు చేసింది. అడగకుండానే ఈ తేడా చెప్పిన నర్సరీ మీద గౌరవం కలగకుండా ఉంటుందా? వచ్చిన ఆరూ అసలైన సీతాశోకాలే. బావి పక్కన నీడలో నాటినవి నాలుగు నిలిచాయి, ఎండలో పెట్టిన రెండు పోయాయి. ఆ తప్పు నాది.

మొక్కలు లారీలో మరో తోట సరుకుతో కలిసి వచ్చాయి. అడ్డదిడ్డంగా పేర్చితే కవర్లు చిట్లి మట్టిగడ్డ విడిపోతుంది. అలా విడిపోయినవి మొత్తం మీద మూడే కనిపించాయి. నాటేముందు నాలుగైదు కవర్లు కోసి వేళ్లు చూశాను. నర్సరీలో ఎక్కువకాలం ఉంచిన మొక్కకు తల్లివేరు కవరు అడుగున చుట్టలు చుట్టుకుంటుంది. అలాంటి మొక్క రెండు మూడేళ్లు బాగానే ఎదిగినట్టు కనిపించి, ఆ తరువాత గాలివానకు ఒరిగిపోతుంది. ఇక్కడి మొక్కల్లో ఆ లోపం లేదు. తల్లివేరు నిటారుగా దిగి, కాస్త ఉబ్బి ఉంది. ఎర్రచందనానికి ఆ ఉబ్బు ఉండవలసిందే. లేత మొక్క మొదటి కొన్నేళ్లు ఎండాకాలంలో పైభాగమంతా ఎండిపోయి, వాన పడ్డాక ఆ వేరులో దాచుకున్న బలంతో తిరిగి చిగురిస్తుంది. మొదటి వేసవిలో మా చేనులో ఇరవైకి పైగా మొక్కలు పుల్లల్లా మారితే, ఇంట్లోవాళ్లు పీకేద్దామన్నారు. యజమానికి ఫోను చేస్తే, "జూలై దాకా చెయ్యి పెట్టకండి" అని మాత్రం చెప్పారు. జూలై రెండోవారానికి వాటిలో పదిహేడు మొదలు దగ్గర చిగురు వేశాయి. మొక్క అమ్మిన పది నెలల తరువాత కూడా ఫోను ఎత్తి, కచ్చితమైన సలహా ఇచ్చారు కాబట్టి సేవ విషయంలో ఈ నర్సరీకి నేను పూర్తి మార్కులు వేస్తాను.

లోపం మొదట కనిపించింది ఆకుల్లో. ఎర్రచందనం ఆకుకు సాధారణంగా మూడు ఆకు రేకలు ఉంటాయి, అరుదుగా ఐదు. అవి గుండ్రంగా ఉండి కొసన చిన్న నొక్కు ఉంటుంది. నాటిన నెల తరువాత చూస్తే, ఎర్రచందనం వరుసలో ఏడు మొక్కలకు ఐదు నుంచి ఏడేసి రేకలు కనిపించాయి. అవి వేగిసలు. రెండూ ఒకే ప్రజాతికి చెందినవి, రెండింటి కాయలకూ చుట్టూ గుండ్రని రెక్క ఉంటుంది, కనుక నారుమడిలో కలిసిపోయి ఉంటాయి. మోసం చేయాలనే ఉద్దేశం ఉంటే ఏడింటితో ఆగేవారు కారు. ఫొటోలు పంపగానే వాదించకుండా ఒప్పుకున్నారు, మరుసటి వానాకాలంలో ఏడు ఎర్రచందనాలను రవాణా ఖర్చు లేకుండా పంపారు. ఇప్పుడు మొత్తం 60 ఎర్రచందనాల్లో 51 బతికి ఉన్నాయి. అయినా ఈ లోపాన్ని నేను తేలిగ్గా తీసుకోలేను. ఆకు చూసి గుర్తుపట్టలేని రైతు అయితే ఏమయ్యేది? ఇరవై ఏళ్లు సాకిన తరువాత గొడ్డలి పడిన రోజున గానీ తన చెట్టు ఏమిటో అతనికి తెలిసేది కాదు. వేగిస విలువలేని చెట్టు కాదు. దాని చేవతో చేసిన లోటాలో రాత్రి పోసిన నీటిని మధుమేహానికి మందుగా ఈనాటికీ తాగేవారున్నారు. కానీ ఎర్రచందనం అని రాసిన చీటీ కింద అది ఉండకూడదు.

ఈ నర్సరీతో నాకు అసలు పేచీ ఆ చీటీల దగ్గరే. ప్రతి కవరుకూ ఒక రంగుల అట్ట కట్టారు. దాని మీద చెట్టు పేరు, శాస్త్రీయ నామం, దాని సంరక్షణ స్థాయి, అడుగున "ఈ మొక్క నాటి ఒక జాతిని కాపాడండి" అనే మాట ఉన్నాయి. మొక్కలు అమ్మేవారు సంరక్షణ స్థాయి రాయడం నేను మొదటిసారి చూశాను, చాలా సంతోషించాను. చదివాక ఆ సంతోషం తగ్గింది. ఎర్రచందనం అట్ట మీద "నియర్ థ్రెటెన్డ్", అంటే ముప్పుకు చేరువలో ఉన్నది అని రాసి ఉంది. 2018లో రెడ్ లిస్టు నిజంగానే ఈ చెట్టును ఎండేంజర్డ్ స్థాయి నుంచి తగ్గించి అక్కడ పెట్టింది. అయితే 2021లో మళ్లీ మదింపు చేసి, మూడు తరాల కాలంలో దీని సంఖ్య 50 నుంచి 80 శాతం పడిపోయిందన్న నిర్ధారణతో తిరిగి ఎండేంజర్డ్, అంటే అంతరించే ముప్పున్న జాతుల్లోకి చేర్చింది. పాత అట్టనే ఏటా అచ్చువేయిస్తూ వచ్చారన్న మాట. సిరిగంధం అట్ట మీద పొరపాటు ఇందుకు వ్యతిరేక దిశలో ఉంది. అది ఎండేంజర్డ్ కంటే ఒక మెట్టు తక్కువ ముప్పును సూచించే వల్నరబుల్ స్థాయిలో ఉంటే, అట్ట మీద "అంతరించిపోతున్న అరుదైన వృక్షం" అని పెద్ద అక్షరాల్లో వేశారు. ఒకదాని ముప్పును తగ్గించి, మరొకదాని ముప్పును పెంచి చెప్పినా, కొనేవాడికి కలిగే నష్టం ఒకటే: ఆ మాటకు ఇక విలువ ఉండదు.

ఈ స్థాయిలు అలంకారానికి పెట్టుకున్నవి కావు. అవి ఎందరో వృక్షశాస్త్రజ్ఞులు కొలిచి చెప్పిన లెక్కలు. 2024 అక్టోబరులో కొలంబియాలోని కాలీ నగరంలో జీవవైవిధ్య సదస్సు జరిగినప్పుడు ప్రకటించిన ప్రపంచ వృక్ష మదింపులో, పరిశీలించిన 47,282 జాతుల్లో కనీసం 16,425 అంతరించే ముప్పులో ఉన్నట్టు తేలింది. అంటే వంద జాతుల్లో దాదాపు 35. ఆ లెక్కలో మన కొండ మీది చెట్టు ఎక్కడుందో సరిగ్గా చెప్పే అవకాశం, మరెవరికీ లేనంతగా, మొక్క చేతికిచ్చే నర్సరీకి ఉంది. గ్రామంలో రెడ్ లిస్టు తెరిచి చూసేవాళ్లు ఎంతమంది? కవరుకు కట్టిన అట్టను మాత్రం ఇంటిల్లిపాదీ చదువుతారు. మా మనవరాలు ఆ అట్టలన్నీ దాచుకుని బడికి తీసుకుపోయింది. తప్పు అచ్చయిన అట్ట తరగతి గోడ మీదికి ఎక్కుతుందని తెలిశాక నాకు నిద్రపట్టలేదు.

"జాతిని కాపాడండి" అనే మాట గురించి మరికొంత చెప్పాలి. రెడ్ లిస్టు చూసేది ప్రధానంగా ఆ చెట్టు తన సొంత అడవిలో ఎలా ఉందన్నది. తోటల్లో ఎన్ని లక్షలు నాటారన్నది కాదు. ఇందుకు టేకును మించిన ఉదాహరణ లేదు. మన రెండు రాష్ట్రాల్లోనూ కాలువ గట్ల మీద, పొలం గట్ల మీద, అటవీశాఖ తోటల్లో టేకు కనిపించని చోటు అరుదు. ఆఫ్రికాలోనూ లాటిన్ అమెరికాలోనూ లక్షల ఎకరాల్లో సాగవుతోంది. అయినా సహజంగా పెరిగే అడవుల్లో తగ్గిపోతున్నందువల్ల 2022 మదింపులో టేకు ఎండేంజర్డ్ జాతుల్లో చేరింది. అందుచేత మా చేనులోని 51 ఎర్రచందనాలు శేషాచలంలో కొట్టేసిన ఒక్క చెట్టుకైనా బదులు కావు. అవి నాకు, నా తరువాతివారికి ఒక పంట. చట్టబద్ధంగా పెరిగిన కలప బజారుకు వస్తే దొంగ కలపకు గిరాకీ కొంత తగ్గవచ్చునన్న ఆశ ఒకటి ఉంది, ఆ ఆశ నాకూ ఉంది. ఆ గిరాకీ ఎంత క్రూరమైనదో మా ప్రాంతంవాళ్లకు వేరే చెప్పనక్కరలేదు. వాసనే లేని ఈ కలప చైనాలో రాచరిక కాలం నాటి తీరు సామానుకు, జపానులో షామిసెన్ అనే తంత్రీవాద్యం మెడకు కావాలి. అందుకోసం కొండెక్కిన కూలీల్లో తమిళనాడుకు చెందిన 20 మంది 2015 ఏప్రిల్ 7న శేషాచలంలో పోలీసు కాల్పుల్లో చనిపోయారు. ఇంత బరువున్న చెట్టు గురించి ఒక అట్ట మీద తేలికమాట రాయకూడదన్నదే నా బాధ.

తోటలో నాటిన చెట్టు జాతికి మేలు చేసే దారి ఒకటి ఉంది, అది విత్తనం పుట్టుక. ఏ కొండ నుంచి, ఎన్ని తల్లిచెట్ల నుంచి సేకరించిన విత్తనమో నమోదై ఉంటే, అడవిలో ఒక వాలు మీది చెట్లన్నీ పోయినా వాటి సంతతి మరోచోట మిగిలి ఉన్నట్టు లెక్క. అన్నీ ఒకటి రెండు తోటచెట్ల పిల్లలే అయితే, వేల మొక్కలు నాటినా వైవిధ్యం ఇరుకుగానే ఉంటుంది. ఈ సంగతి యజమానిని అడిగాను. కాయలను పేడనీళ్లలో నానబెట్టి, ఆరబెట్టి, మళ్లీ తడిపి మొలకెత్తించే విధానాన్ని ఆయన ఎంతో వివరంగా చెప్పారు. గట్టి పెంకు వల్ల సగానికి సగం మొలవవని కూడా దాచకుండా చెప్పారు. కానీ కాయలు ఎక్కడివంటే, "బయట కొంటామండీ, మనిషి తెచ్చిస్తాడు" అన్నారు. ఆ మనిషి ఎక్కడి నుంచి తెస్తాడో ఆయనకు తెలియదు. రక్షిత అడవిలో రాలిన కాయలా, ఎవరి తోటవో చెప్పే కాగితం ఏదీ లేదు. నా దృష్టిలో ఆ నర్సరీలోని అతి పెద్ద లోటు ఇదే. ఒక జాతిని కాపాడమని అట్ట మీద రాసేవారు, ఆ మొక్క తల్లి ఎవరో ఒక వరుస రాయగలగాలి.

సిరిగంధం సంగతి క్లుప్తంగా చెబుతాను. అది సగం పరాన్నజీవి. పక్కమొక్క వేళ్ల నుంచి ఆహారం లాక్కుంటేనే నిలుస్తుంది. ఈ నర్సరీ ప్రతి కవరులోనూ పొన్నగంటి కాడ ఒకటి తోడుగా నాటి పంపింది, చేనులో పెట్టాక పక్కన కంది వేయమని, ఆపైన సరుగుడు గానీ అవిశ గానీ నాటమని చెప్పింది. నేను కంది వేయడం ఆలస్యం చేశాను, 20లో 11 మిగిలాయి. ఆ పదకొండూ కంది పక్కన ఉన్నవే.

ధరలు సబబుగానే ఉన్నాయి. ఎర్రచందనం ఒక్కొక్కటి 35 రూపాయలు, సిరిగంధం 60, వేగిస 40, సీతాశోకం 150 తీసుకున్నారు. లారీ ఖర్చు వేరు. వాటికంటే నేను మెచ్చుకున్నది బిల్లు. జాతి పేరు, మొక్కల సంఖ్య, తేదీ స్పష్టంగా వేసి ఇచ్చారు. సాధారణ మొక్కలకు ఇది పట్టింపు లేని సంగతే, ఎర్రచందనానికి అలా కాదు. ఆంధ్రప్రదేశ్‌లో సొంత పట్టా భూమిలో పెంచిన ఎర్రచందనమైనా కొట్టడానికీ తరలించడానికీ అటవీశాఖ అనుమతి కావాలి. చెట్లు మన భూమిలోనే పెరిగాయని చూపే ఆధారం లేకపోతే పాతికేళ్ల తరువాత మన చెట్టే మనకు చిక్కు తెస్తుంది. నేను ఆ బిల్లును దాచి, మొక్కల సంగతి రెవెన్యూ రికార్డులో రాయించాను. దేశం దాటించాలంటే మరో మెట్టు ఉంది. ముప్పున్న జీవజాతుల అంతర్జాతీయ వ్యాపారాన్ని నియంత్రించే సైటిస్ ఒప్పందంలో, అనుమతి పత్రంతోనే ఎగుమతి చేయవలసిన జాతుల జాబితా అయిన రెండో అనుబంధంలో ఎర్రచందనం 1995 నుంచి ఉంది. పట్టా భూముల్లో సాగుచేసిన కలప ఎగుమతికి 2019లో కేంద్రం విధానం సవరించి దారి తెరిచింది. 2004 నుంచి భారతదేశపు ఎర్రచందనం వ్యాపారంపై సైటిస్ కొనసాగించిన ప్రత్యేక సమీక్ష 2023 నవంబరులో ముగిసింది. ఈ మార్పులు చూపి ఎకరాకు కోట్లు వస్తాయని ఊదరగొట్టే ప్రకటనలు ఇప్పుడు ఎక్కడ చూసినా ఉన్నాయి. ఈ యజమాని నాకు అలాంటి ఆశ ఏదీ పెట్టలేదు. "పాతికేళ్లు ఆగగలిగితేనే నాటండి, చేవ ఎంత కడుతుందో నేలను బట్టి ఉంటుంది" అన్నారు. అమ్ముడుపోయే సరుకు గురించి ఇంత నిజం చెప్పే వ్యాపారి నాకు ఈమధ్య తారసపడలేదు. ఆ నిజాయితీ అట్ట మీదికి ఎందుకు ఎక్కలేదన్నదే నాకు అంతుబట్టని సంగతి.

పోయిన ఏడాది చివర ఈ విషయాలన్నీ వివరంగా ఉత్తరం రాశాను. ఎర్రచందనం అట్ట మారింది. ఇప్పుడు "ఎండేంజర్డ్, 2021 మదింపు" అని సంవత్సరంతో సహా ఉంది. సంవత్సరం వేయడం మంచి పద్ధతి, రేపు స్థాయి మారినా పాత అట్ట అబద్ధం చెప్పదు. సిరిగంధం అట్ట ఇంకా మారలేదు. విత్తనం పుట్టుక గురించి రాసిన భాగానికి జవాబు రాలేదు.

ఇలాంటి మొక్కలు కొనదలచినవారు ఈ నర్సరీ లాంటి చోటుకే వెళ్లమని నేను చెబుతాను, ఆకులు లెక్కపెట్టి, కవరు ఒకటి కోసి వేరు చూసి, బిల్లు రాయించుకుని తీసుకోమంటాను. ఈ వానాకాలానికి నేను పది సిరిగంధాలకు, రెండు సీతాశోకాలకు డబ్బు పంపాను. మరో నలభై ఎర్రచందనాలకు చేనులో గుంతలు తవ్వించి ఉంచాను గానీ, కాయ ఏ కొండదో, ఏ తోటదో కాగితం మీద రాసిచ్చేవారు దొరికేదాకా ఆ గుంతల్లో కంది వేస్తున్నాను.